పండగ ఈసారి వేరేలా జరిగితే పిల్లలకు ఏం చెప్పాలి?



పండగ సెలవులు ఎప్పుడో స్కూల్ క్యాలెండర్‌లో ముందే ఉంటాయి. పండగ ఎలా జరుగుతుందో మాత్రం ఏ క్యాలెండరూ చెప్పలేదు. మన విజయవాడకు 2024లో ఇది బాగా తెలిసొచ్చింది. సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వైపు ఇళ్లలోకి వచ్చేశాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సెప్టెంబర్ 7న వినాయక చవితి. పాలవెల్లి కట్టాల్సిన వారంలో చాలామంది ఇంట్లో బురద ఎత్తిపోసుకున్నారు. దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టాల్సిన పుస్తకాలు నీళ్లలో నానిపోయాయి.

వరదే రానక్కర్లేదు. 2020లో కరోనా వల్ల వీధి పందిళ్లు లేక చవితి ఇళ్లకే పరిమితమైంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే చాలా కుటుంబాల్లో ఏడాది పాటు పండగలు చేసుకోరు. తాతయ్య వాళ్లు ఊళ్లో ఇల్లు అమ్మేస్తే, దివిసీమలో జరిగే సంక్రాంతి సిటీలో అపార్ట్‌మెంట్‌కి వచ్చేస్తుంది.

పిల్లలకు అంత బాధ ఎందుకు?

పెద్దవాళ్లకు పండగంటే పని, ఖర్చు, ప్రయాణం. పిల్లలకు అది ఒక వరుస: పొద్దున్నే తలంటు, పత్రి, కుడుములు, కథ అయ్యాక అక్షింతలు. ఆ వరుస తప్పితే “ఇంకా ఏమేం మారిపోతాయో” అనే భయం మొదలవుతుంది. బయటికి అది కొత్త బట్టల కోసం పేచీలాగానో, అన్నం మానేయడంలాగానో కనిపిస్తుంది.

మనం ఏం చేయవచ్చు?

ముందే, ఉన్నమాట చెప్పండి. “ఈ సంవత్సరం నానమ్మ లేరు కాబట్టి పండగ చేసుకోవడం లేదు”, “ఈసారి డబ్బు ఇబ్బందిగా ఉంది” అంటే పిల్లలకు అర్థమవుతుంది. కారణం చెప్పకపోతే తప్పు తమదేనేమో అనుకునే పిల్లలూ ఉంటారు.

ఒక్క పనైనా వాళ్లకు ఉంచండి. 21 రకాల పత్రి దొరక్కపోవచ్చు. గరిక కోసుకురావడం, కథ చదవడం, పుస్తకానికి పసుపు రాయడం ఏ ఇంట్లోనైనా కుదురుతుంది. పూజే లేని ఏడాదిలో నానమ్మకు ఇష్టమైన వంటకంలో సాయం చేయనివ్వండి.

లేనిదాని గురించి మాట్లాడనివ్వండి. “ఏడవకు, వచ్చే ఏడాది చేసుకుందాంలే” అని వెంటనే ఆపేయకండి. ముందు వినండి.

డైరీలో క్లాస్ టీచర్‌కు ఒక్క లైను రాయండి. సెలవుల తర్వాత మేం ఇచ్చే మొదటి వ్యాసం చాలాసార్లు “పండగ ఎలా జరుపుకున్నావు?” అనే ఉంటుంది. విషయం ముందే తెలిస్తే ఆ పిల్లకు వేరే టాపిక్ ఇస్తాం.

పండగ బాగా జరిగిన ఇళ్లవారికి కూడా ఒక విన్నపం. “నీకు ఎన్ని డ్రెస్సులు కొన్నారు?” అని స్నేహితులను అడగొద్దని మీ పిల్లలకు చెప్పి పంపండి. పక్క బెంచీలో కూర్చున్న పిల్ల ఇంట్లో ఈసారి దీపం పెట్టి ఉండకపోవచ్చు.

మనం అనాదిగా ఉందనుకునే వీధి పందిళ్ల సంప్రదాయం కూడా 1893 ప్రాంతంలో మహారాష్ట్రలో తిలక్ చొరవతో ఊపందుకున్నదే. పండగలు ఇంతకుముందూ మారాయి, ఇకముందూ మారతాయి. మారినప్పుడు ఇంట్లో ఎవరూ తమకు నిజం దాచలేదని పిల్లలకు గుర్తుంటే, వచ్చే పండగకు వాళ్లే ముందు నడుం కడతారు.