ఆకరం చూపని మాట



వ్యాసం రాయడం మనలో చాలామందికి చేతనవును. చిక్కంతా ఆకరాలు చూపడం దగ్గరే వస్తుంది. ప్రాజెక్టు రిపోర్టు అప్పగించే ముందురోజు రాత్రి గ్రంథసూచి కోసం పుస్తకాలన్నీ తిరగేయడం మన కాలేజీల్లో ఆనవాయితీ. ఈ పాట్లు తప్పించే సాధనాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని గురించి నాకు తెలిసినంతలో నాలుగు మాటలు చెబుతాను.

అసలు ఆకరం ఎందుకు చూపాలి? మన ఆలూరునే తీసుకోండి. ఆలూరు చరిత్ర రాయాలనుకున్న విద్యార్థి బ్రిటిషు కాలపు కర్నూలు జిల్లా పుస్తకాలు వెతికితే వాటిలో మన తాలూకా ఉండదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. కనుక చూడవలసింది 1904లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన బళ్ళారి గెజిటీరు. "పాత గెజిటీరులో ఉంది" అని రాసి ఊరుకుంటే చదివేవాడు ఏ జిల్లాది పట్టుకోవాలి? గ్రంథకర్త, గ్రంథం పేరు, సంవత్సరం, పుటసంఖ్య ఉంటేనే మన మాట నిజమో కాదో ఇంకొకరు సరిచూసుకోగలరు.

ఈ వివరాలను ఒక్కసారి దాచిపెడితే ఎన్నిసార్లైనా అందించడమే సాఫ్ట్‌వేర్ చేసే పని. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జొటెరో అలాంటిది. పుస్తకం చేతిలో ఉండగానే వివరాలు అందులో నింపుకోవాలి. వర్డ్‌లో వ్యాసం రాస్తూ కావలసినచోట ఆ పుస్తకాన్ని ఎంచుకుంటే అధోజ్ఞాపికను, చివర గ్రంథసూచిని అదే పేరుస్తుంది. గైడుగారు వేరే పద్ధతిలో కావాలంటే మళ్ళీ టైపు చేయనక్కరలేదు, పద్ధతి పేరు మార్చితే చాలు.

గణితం, సైన్సు మిత్రులకు లేటెక్ మరింత అనుకూలం. తన గ్రంథం కొత్త కూర్పు ప్రూఫులు నచ్చక డొనాల్డ్ నూత్ 1977లో టెక్ రూపకల్పనకు పూనుకున్నారు. దానిమీద లెస్లీ లాంపోర్ట్ లేటెక్‌ను నిర్మించారు. 1985లో ఓరెన్ పటాష్నిక్ బిబ్‌టెక్ జోడించారు. ఇందులో ఆకరాలన్నీ వేరే ఫైలులో ఉంటాయి. ఒక్కోదానికి ఒక చిన్న గుర్తు పెట్టుకుని, వ్యాసంలో ఆ గుర్తు రాస్తే సరి. మధ్యలో కొత్త సమీకరణం చేర్చినా తర్వాతి నంబర్లన్నీ అవే సర్దుకుంటాయి.

తెలుగులో రాసేవారికి రెండు జాగ్రత్తలు. మొదటిది, టైపు చేసేది యూనికోడ్‌లోనే ఉండాలి. పాత డి.టి.పి. ఫాంట్లలో చేసినది ఇంకో కంప్యూటరులో తెరిస్తే గజిబిజి అవుతుంది, వెతికినా దొరకదు. రెండోది ఇంటిపేరు సంగతి. కామా లేకుండా రాస్తే బిబ్‌టెక్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది! రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిని అలాగే వదిలేస్తే సూచిలో "అ" కింద చేరతారు. "రాళ్లపల్లి" తర్వాత కామా పెడితే "ర" దగ్గర నిలుస్తారు. ఇంత చిన్న గీతలో ఉంది కిటుకు.

ఇదంతా చాదస్తం అనుకునేరు! 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం సిద్ధాంతవ్యాసంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్ళీ సమర్పించాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఉల్లేఖనగా గుర్తించి, ఆకరం చూపిన భాగాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు. కరువుసీమలో అప్పుచేసి చదివించే తల్లిదండ్రుల బిడ్డకు అది చిన్న నష్టమా? కొందరు కావాలని కాపీ కొడతారు, నిజమే. కానీ ఏ మాట ఎక్కడిదో రాసుకోక చిక్కుల్లో పడేవారూ ఉంటారు. సాఫ్ట్‌వేర్ మొదటివారిని బాగుచేయలేదు, రెండోవారిని మాత్రం తప్పక కాపాడుతుంది.

అయితే ఒక్క మాట. మనం తప్పు సంవత్సరం ఎక్కిస్తే యంత్రం దాన్నే ముచ్చటగా అచ్చువేస్తుంది. పుస్తకం తెరిచి పుట చూడవలసింది మనమే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. లైబ్రరీలో పుస్తకం తిరిగి ఇచ్చేలోపే ఆ నాలుగు వివరాలూ రాసిపెట్టుకోండి.