నక్షత్రాన్ని వెంబడించే పీఠం

2016 సెప్టెంబరు 20 రాత్రి అర్జెంటీనాలోని రోసారియో నగరంలో విక్టర్ బూసో అనే తాళాల పనివాడు తన ఇంటి మేడపైన కొత్త కెమెరాను పరీక్షిస్తున్నాడు. నగరపు వెలుగు చిత్రాన్ని చెడగొట్టకుండా, 20 సెకన్ల చొప్పున ఒకే గెలాక్సీని పదే పదే ఫోటో తీశాడు. మొదటి చిత్రాలలో లేని చుక్క ఒకటి తర్వాతి చిత్రాలలో పొడసూపి, క్రమంగా ప్రకాశించసాగింది. దాదాపు 8 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక నక్షత్రం పేలుతున్న తొలి ఘడియలవి. శాస్త్రజ్ఞులకు సైతం అరుదైన ఆ దృశ్యాన్ని 2018లో ‘నేచర్’ పత్రిక లోకానికి వెల్లడించింది.

అది అదృష్టమే. కాని అదృష్టం తలుపు తట్టిన వేళ దూరదర్శిని గురి తప్పితే ఫలమేమిటి? గురిని నిలిపేది అద్దం కాదు. దానిని మోసే పీఠం.

భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ మీది నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు పడమరకు జరుగుతుంది. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. 1824లో డోర్పాట్ వేధశాలలో నెలకొల్పిన ఫ్రౌన్‌హోఫర్ దూరదర్శినిని, దిగుతున్న బరువుతో నడిచే గడియార యంత్రం నక్షత్రం వెంట త్రిప్పేది. దాని సాయంతో స్ట్రూవె 1,20,000 నక్షత్రాలను పరిశీలించి, 3,000కు పైగా జంట నక్షత్రాలను నమోదు చేశాడు.

నేడు ఆ పని కంప్యూటరు చేస్తుంది. మీట నొక్కితే పీఠం తానే శనిగ్రహాన్ని వెదకి చూపుతుంది. కాని ఉత్తమశ్రేణి పీఠం వెల తరచు దూరదర్శిని వెలనే మించిపోతుంది. అందుచేత కొనేవారు కొన్ని సంగతులు విచారించాలి.

మొదటిది మోయగల బరువు. తయారీదారు చెప్పిన బరువులో సగంతో సరిపెట్టుకోవడం ఫోటోలు తీసే అనుభవజ్ఞుల పద్ధతి. రెండవది పళ్ళచక్రాల నాణ్యత. వాటిలో వెంట్రుకవాసి లోపమున్నా నక్షత్రం చుక్కగా కాక గీతగా పడుతుంది. ఖరీదైన పీఠాలలో ఇరుసుకు అమర్చిన ఎన్‌కోడరు అసలు కోణాన్ని చదివి తప్పును వెంటనే దిద్దుతుంది. హార్మోనిక్ డ్రైవ్ పీఠాలు తేలిక; సాధారణంగా ప్రతిభారం అక్కరలేదు. అయితే దీర్ఘ ఛాయాచిత్రాలకు దారి చూపే మరొక చిన్న కెమెరా వాటికి తప్పనిసరి.

మూడవది మన అక్షాంశం. హైదరాబాదులో ధ్రువనక్షత్రం దిఙ్మండలానికి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తర దేశాలను ఉద్దేశించి చేసిన కొన్ని పీఠాలు అంత క్రిందికి వంగవు; వంగినా ప్రతిభారం ముక్కాలిపీట కాలికి తగులుతుంది. ఎంత తక్కువ అక్షాంశంలో పనిచేస్తుందో ముందే అడగడం వివేకం.

ఎంత సూక్ష్మమైన యంత్రమైనా గాలి అలజడిని శాసించలేదు. నక్షత్రబింబం 2 ఆర్క్ సెకన్ల మేర అదిరే నగరాకాశంలో, పావు సెకను కచ్చితత్వానికి పోసే ధనం ఇచ్చే ఫలం స్వల్పం.

చివరగా, తూచవలసింది యంత్రాన్నే కాదు; మేడ మెట్లను, మోసేవాని నడుమును కూడా. పైకి చేరని పీఠం ఎంత గొప్పదైనా పెట్టెలోనే నిద్రిస్తుంది. ఆకాశంలో వెలిగే ఆ కొత్త చుక్క మాత్రం ఎవరి కోసమూ ఆగదు.