ల్యాబ్‌లో పెరిగే కార్నియా కణాలు.. పోయిన చూపు తిరిగొస్తుందా? హైదరాబాద్‌లో 2001 నుంచే!

పెద్దపల్లి: ఇంటికి సున్నం వేస్తుంటే కంట్లో పడింది. రెండు చెంబుల నీళ్లు కొట్టుకుని, మంట తగ్గిందని ఊరుకుంటే.. కొన్నాళ్లకు నల్లగుడ్డుపై తెల్లపొర కమ్మేస్తుంది. ఇలాంటి కళ్ల కోసమే డాక్టర్లు ల్యాబ్‌లో కార్నియా కణాలను పెంచుతున్నారు. అదెలాగో చూద్దాం.

అసలేం జరుగుతుంది?

నల్లగుడ్డుపై అద్దంలా ఉండే పొరే కార్నియా. దాని పైకణాలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి. కొత్తవాటిని పుట్టించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. దీన్నే లింబస్ అంటారు. సున్నం, యాసిడ్ దీన్నే కాల్చేస్తాయి. నారుమడే ఎండిపోతే ఇక నాట్లెక్కడివి? అందుకే ఇలాంటి కంటికి దాత కార్నియా పెట్టినా నిలవడం కష్టం.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు. కాన్పు సమయంలో సేకరించి, శుద్ధి చేసిన ఉమ్మనీటి సంచి పొరపై దాన్ని పెంచుతారు. సుమారు రెండు వారాల్లో కణాలు పరుచుకుంటాయి. ఆ పొరను దెబ్బతిన్న కంటిపై అమరుస్తారు. సొంత కణాలే కాబట్టి శరీరం తిరస్కరించదు. రెండు కళ్లూ దెబ్బతింటే మాత్రం బంధువుల నుంచి తీసుకోవాలి. అప్పుడు మందులూ వాడాల్సిందే.

మన దగ్గర ఎక్కడ?

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001లోనే ఈ చికిత్స మొదలైంది. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ‘స్లెట్’ అనే మరింత సులువైన పద్ధతిని ప్రకటించింది. ఇందులో ముక్కను తునకలు చేసి నేరుగా కంటిపైనే పెంచుతారు. దీంతో ల్యాబ్ ఖర్చు తప్పింది. 2022లో ఇదే సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి 3డీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేసి కుందేలుకు అమర్చాయి.

మరి నేత్రదానం అక్కర్లేదా?

కావాల్సిందే! ఈ కణాలు పైపొరనే బాగుచేస్తాయి. వరి ఆకు కోసుకుని, పుండు పడి, లోతుగా మచ్చ మిగిలిన కంటికి ఇప్పటికీ దాత కార్నియానే దిక్కు. ఆ 3డీ కార్నియాకు ముడిసరుకు కూడా దానంగా వచ్చిన కళ్లే.

ఇవి గుర్తుంచుకోండి

* కంట్లో సున్నం, యాసిడ్ పడితే వెంటనే కనీసం 15-20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. తర్వాత నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. చెట్టు పసర్లు వద్దు.
* మరణించిన 6 గంటల్లోపు కళ్లు సేకరించాలి. అప్పటిదాకా ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టాలి.
* కళ్లద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా దానం చేయొచ్చు.