సన్‌ప్యాక్ షీటుతో ఆర్‌సీ విమానం: అపోహలు – వాస్తవాలు

కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, వెంచర్లలో గజం ధరలు అచ్చేసి కరెంటు స్తంభాలకు కట్టే ప్లాస్టిక్ బోర్డులు మనకు తెలిసినవే. రెండు పలుచని పొరల మధ్య సన్నని గొట్టాల్లా ఖాళీలుండే ఆ షీటును మన దుకాణాల్లో సన్‌ప్యాక్ అంటారు. అమెరికా, కెనడాల్లో కోరోప్లాస్ట్ అనే బ్రాండు పేరే దానికి వాడుక పేరైంది. దానితో రిమోట్ విమానాలు కట్టే పద్ధతి 2000 సంవత్సరానికి అటూ ఇటూగా అమెరికా అభిరుచిపరుల్లో బాగా పాకింది. ఎన్నికలయ్యాక మిగిలిపోయిన ప్రచార బోర్డులు రెక్కలయ్యాయి. చూరు నుంచి వాననీరు దింపే ప్లాస్టిక్ గొట్టం విమానం ఒళ్లయింది. చెక్క స్కేలు రెక్కకు వెన్నుపట్టీ అయింది. 'సింపుల్ ప్లాస్టిక్ ఎయిర్‌ప్లేన్ డిజైన్' అన్న మాటలను కుదించి ఆ పద్ధతికి 'స్పాడ్' అని పేరు పెట్టుకున్నారు.

మన దగ్గరా ఇంజినీరింగ్ విద్యార్థులు, సరదాగా విమానాలు కట్టుకునేవారు ఈ షీటు వైపు చూస్తున్నారు. షీటుతోపాటు కొన్ని తప్పుడు నమ్మకాలు కూడా చేతులు మారుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: బాల్సా కర్ర లేకుండా నిజమైన మోడల్ విమానం ఉండదు.

వాస్తవం: బాల్సా ప్రధానంగా ఈక్వడార్ నుంచి వచ్చే తేలికపాటి కర్ర. బరువుతో పోలిస్తే దాని బిగువు చాలా ఎక్కువ కాబట్టే దశాబ్దాలుగా ఏరోమోడలింగ్‌లో దానిదే పెద్దపీట. కానీ గాలికి కర్ర, ప్లాస్టిక్ అన్న తేడా తెలియదు. రెక్క వైశాల్యం, మొత్తం బరువు, బరువు కేంద్రం, తోక అమరిక సరిగ్గా ఉంటే విమానం ఎగురుతుంది. బాల్సాతో పక్కటెముకలు కోసి, అతికించి, పైన కవరింగ్ వేయడానికి వారాలు పడుతుంది. ప్లాస్టిక్ షీటుతో ఒకటి రెండు సెలవు రోజుల్లో విమానం తయారవుతుంది. నేర్చుకునే దశలో విమానం నేలను తాకడం మామూలే కనుక ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు.

అపోహ: ప్లాస్టిక్ షీటు చాలా తేలిక. ఏ మందమైనా ఫరవాలేదు.

వాస్తవం: చేత్తో పట్టుకుంటే తేలిగ్గానే ఉంటుంది, తూకం వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. 4 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు దాదాపు 700 గ్రాములు, 2 మిల్లీమీటర్లది 300 గ్రాముల వరకూ ఉంటుంది. విమానాలకు వాడే డెప్రాన్ ఫోమ్ 6 మిల్లీమీటర్ల మందంలోనూ 200 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అంటే సన్‌ప్యాక్ బలమైనదే కానీ, ఫోమ్ కంటే బరువైనది.

1.2 మీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకు పైనా కిందా షీటు వేశామనుకుందాం. 4 మిల్లీమీటర్లదైతే ఒక్క రెక్కకే 370 గ్రాములు, 2 మిల్లీమీటర్లదైతే 160 గ్రాములు. తోక దగ్గర లెక్క ఇంకా కఠినం. బరువు కేంద్రానికి తోక 60 సెంటీమీటర్ల దూరంలో, ముక్కు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తోకలో పెరిగిన ప్రతి గ్రాముకూ ముక్కులో 3 గ్రాములు కలపాలి. అందుకే తోకకు ఎప్పుడూ పలుచని షీటే వాడాలి.

దుకాణంలో మరో తికమక కూడా ఉంది. సన్‌బోర్డు వేరు, సన్‌ప్యాక్ వేరు. సన్‌బోర్డు గట్టి పీవీసీ ఫోమ్, అదే మందంలో ఇంకా బరువు. మందంతోపాటు జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో అడిగి కొనాలి.

అపోహ: షీటును ఏ వైపు కోసినా ఒకటే.

వాస్తవం: ఈ షీటులోని కీలకమంతా ఆ గొట్టాల దిశలోనే ఉంది. గొట్టాల పొడవు వెంట షీటు గట్టిగా నిలబడుతుంది, అడ్డంగా సులువుగా వంగుతుంది. రెక్కలో గొట్టాలు ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకునేలా కోస్తే రెండు లాభాలు ఒకేసారి దక్కుతాయి. రెక్క పైకి విరుచుకోకుండా బిగువుగా ఉంటుంది, ముందంచు దగ్గర గుండ్రంగా మడత కూడా పడుతుంది. దిశ మారిస్తే ఈ రెండూ పోతాయి. పెద్ద రెక్కకు ఈ బిగువొక్కటే చాలదు. లోపల చెక్క బద్ద, అల్యూమినియం గొట్టం లేదా కార్బన్ కడ్డీ వెన్నుగా ఉండాలి.

విమానాన్ని అదుపు చేసే కదిలే పలకలకు, అంటే ఎలివేటర్, రడ్డర్, ఎయిలరాన్లకు విడిగా బందులు కూడా అక్కర్లేదు. ఒక గొట్టం వెంబడి పై పొరను మాత్రం సన్నని పట్టీగా కోసి తీసేస్తే, మిగిలిన కింది పొరే బందు అవుతుంది. ఈ షీటు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, దానికి వేలసార్లు వంగినా తెగని గుణం ఉంది. షాంపూ సీసా మూత విరగకుండా తెరుచుకుని మూసుకోవడం ఆ గుణం వల్లే.

అపోహ: రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉండి తీరాలి. పైన గాలి ఎక్కువ దూరం పోవాలి కాబట్టి వేగంగా పోతుంది, దానివల్లే విమానం లేస్తుంది.

వాస్తవం: ఇది బడి పుస్తకాల దాకా పాకిన పొరపాటు. ముందంచు దగ్గర విడిపోయిన గాలి పాయలు వెనకంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలన్న నియమమేదీ లేదు. నిజానికి పై గాలే ముందుగా చేరుతుంది. రెక్క కొంచెం ముక్కెత్తి గాలికి ఎదురైనప్పుడు గాలి కిందికి మళ్లుతుంది. రెక్క మీద పీడనం తగ్గి, కింద పెరుగుతుంది. ఆ తేడాయే లిఫ్ట్. బల్లపరుపు పలక కూడా ఇలాగే లేస్తుంది. విన్యాసాల విమానాలు తలకిందులుగా ఎగరగలగడమే దీనికి రుజువు.

అలాగని మడత పెట్టిన రెక్క వృథా కాదు. బల్లపరుపు రెక్కకు గాలి నిరోధం ఎక్కువ, స్టాల్ కూడా తొందరగా వస్తుంది. అంటే వేగం తగ్గి, ముక్కు మరీ ఎత్తినప్పుడు గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది, లిఫ్ట్ పడిపోతుంది. ముందంచు గుండ్రంగా, పైభాగం కాస్త వంపుగా ఉంటే ఆ ప్రమాదం కొంత ఆలస్యమవుతుంది. మొదటి విమానానికి మడత రెక్కే మేలు.

అపోహ: మంచి గమ్ము ఉంటే ప్లాస్టిక్‌ను దేనితోనైనా అతికించవచ్చు.

వాస్తవం: కొత్తగా కట్టేవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఈ నమ్మకమే. పాలీప్రొపిలీన్‌ది జిగురును దగ్గరికి రానివ్వని ఉపరితలం. ద్రవం దాని మీద సమంగా పరుచుకోదు, బొట్లుగా ముడుచుకుంటుంది. ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ము కర్ర రంధ్రాల్లోకి ఇంకి పట్టుకుంటుంది. ఇక్కడ ఇంకే చోటే లేదు, ఆరాక పొరలా ఊడివస్తుంది. క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ కూడా నేరుగా వేస్తే టక్కున విడిపోతుంది.

మరి ఆ బోర్డుల మీద అచ్చు ఎలా నిలుస్తుంది? కర్మాగారంలో షీటు ఉపరితలాన్ని విద్యుత్ ఉత్సర్గంతో శుద్ధి చేస్తారు. దాన్ని కొరోనా ట్రీట్‌మెంట్ అంటారు. కాలం గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. అదే ఫలితం కోసం అభిరుచిపరులు మంటను షీటుకు తగిలీ తగలనట్టు వేగంగా ఆడిస్తారు. మంట ఒకచోట ఆగితే షీటు ముడుచుకుపోతుంది. పక్కన పెట్రోలు, థిన్నర్ లాంటివి ఉంటే అగ్నిప్రమాదమే. పిల్లలు ఈ పనికి పూనుకోకూడదు.

దీనికంటే తేలిక దారి ఉంది. అతుకు మీద భారం వేయకుండా జిప్ టైలు, నట్లు, బోల్టులు, వాషర్లతో బిగించాలి. గరుకు కాగితంతో రుద్దాక గ్లూ గన్ జిగురు కొంతవరకు పట్టుకుంటుంది. అయితే వేడికి అది మెత్తబడుతుంది. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో విమానాన్ని వదిలేస్తే అతుకులు జారిపోవచ్చు. మోటారును మాత్రం ఎప్పుడూ ప్లైవుడ్ ముక్కకు స్క్రూలతో బిగించాలి, జిగురును నమ్మకూడదు.

అపోహ: బరువెక్కితే ఏముంది, పెద్ద మోటారు పెడితే సరిపోతుంది.

వాస్తవం: మోటారు విమానాన్ని లాగగలదు, రెక్క వైశాల్యాన్ని పెంచలేదు. పైన చెప్పుకున్న రెక్కతో 1 కిలో విమానానికి స్టాల్ వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. అదే విమానం 2 కిలోలైతే అది 40 కిలోమీటర్లు. దిగేటప్పుడు అంతకంటే వేగంగానే రావాలి. బరువు రెట్టింపై, వేగమూ ఇలా పెరిగితే నేలను తాకేటప్పటి శక్తి నాలుగు రెట్లవుతుంది. పెద్ద మోటారు వెనకే పెద్ద బ్యాటరీ, పెద్ద స్పీడ్ కంట్రోలర్ వస్తాయి. బరువు మళ్లీ పెరుగుతుంది.

ఒక కిలో లోపు శిక్షణ విమానానికి 2212 సైజు 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు, 30 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్, మూడు సెల్స్ 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, కదిలే పలకలను తిప్పే 9 గ్రాముల సర్వోలు సరిపోతాయి. ఇక బరువు కేంద్రం. మామూలు దీర్ఘచతురస్రపు రెక్కకు అది ముందంచు నుంచి వెడల్పులో 25 – 30 శాతం దగ్గర ఉండాలి. 22 సెంటీమీటర్ల రెక్కలో అది 5.5 – 6.6 సెంటీమీటర్ల మధ్య. ఆ చోట రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంటే విమానం ముందుకూ వెనక్కూ ఒరగకూడదు. తోక బరువైతే విమానం చేతికి దొరకదు.

అపోహ: సన్‌ప్యాక్ విమానం విరగదు.

వాస్తవం: షీటు విరగడం అరుదే. కానీ దెబ్బ ఎక్కడికీ పోదు, లోపలి వస్తువుల మీద పడుతుంది. సర్వో పళ్లు ఊడతాయి, మోటారు ఇరుసు వంగుతుంది, ముందున్న బ్యాటరీ నలుగుతుంది. ఒకసారి మడతపడి తెల్లగీత వచ్చిన చోట షీటు బలం తిరిగి రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా ఈ ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి. ఏళ్ల తరబడి రోడ్డు మీద ఎండిన పాత బోర్డు ఉచితంగా దొరికినా రెక్కకు పనికిరాదు.

పడిన విమానంలోని లైపో బ్యాటరీ ఉబ్బినా, నలిగినా మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు. లోపల షార్ట్ అయితే మంటలు రావచ్చు.

అపోహ: షీటు చవక కాబట్టి విమానం మొత్తం చవకే.

వాస్తవం: షీటు ఖర్చు వందల్లో, ట్రాన్స్‌మిటర్, రిసీవర్, మోటారు, బ్యాటరీ, చార్జర్ ఖర్చు వేలల్లో ఉంటుంది. చవకయ్యేది ఒళ్లు మాత్రమే. అయితే ఆ వస్తువులన్నీ ఒక విమానం నుంచి మరో విమానానికి మారుతాయి. ఈ పద్ధతిలో అసలు ఆదా రెండో విమానం నుంచి మొదలవుతుంది. బ్యాటరీ సెల్స్‌ను సమంగా నింపే బ్యాలన్స్ చార్జర్ దగ్గర మాత్రం పొదుపు చేయకూడదు.

అపోహ: పక్కవాడు రిమోట్ ఆన్ చేస్తే మన విమానం కూలిపోతుంది.

వాస్తవం: 35, 72 మెగాహెర్ట్జ్ రోజుల్లో ఇది నిజం. మైదానంలో ఒక చానల్‌ను ఒకరే వాడాలన్న కట్టుబాటు అందుకే ఉండేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో రిసీవర్ తన జత ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది, సంకేతం కూడా చానళ్లు మారుతూ పోతుంది. అయినా ఎగరేసే ముందు రెండు పనులు తప్పనిసరి. దూరంగా నడిచి రేంజి పరీక్షించాలి. సంకేతం పోతే మోటారు తనంతట తాను ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టాలి.

అపోహ: ఇది ఆటబొమ్మ. దీనికి చట్టాలు వర్తించవు.

వాస్తవం: వర్తిస్తాయి. 2021 డ్రోన్ రూల్స్ 'మోడల్ రిమోట్లీ పైలటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ సిస్టమ్'ను విడిగా నిర్వచించాయి. బరువు 25 కిలోలు మించకూడదు, చదువు, పరిశోధన, వినోదం లాంటి పనులకే వాడాలి, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేయాలి. అలాంటి మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపుదాన్ని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ లైసెన్సూ అక్కర్లేదు. అయితే ఈ మినహాయింపులు గగనతల నిబంధనలకు వర్తించవు. గగనతలాన్ని జోన్లుగా విభజించారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 – 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులే. ఇంకా దగ్గరైతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్ జోన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి.

హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లలో విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు ఉన్నాయి. విశాఖలో నౌకాదళ విమాన స్థావరం ఉంది. ఊరి చివర ఖాళీ స్థలం దొరికిందని ఎగరేయకుండా ముందుగా ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడాలి. ముఖ్య సందర్భాల్లో పోలీసు కమిషనర్లు నిషేధ ఉత్తర్వులు కూడా ఇస్తుంటారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అక్కడి నియమాలున్నాయి. 250 గ్రాములు దాటితే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏలో నమోదు చేసుకోవాలి, వినోదం కోసం ఎగరేసేవారు ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష పూర్తిచేయాలి.

అపోహ: వీడియో గేములు ఆడేవారికి దీన్ని ఎగరేయడం చిటికెలో పని.

వాస్తవం: విమానం మనకు దూరంగా పోతున్నంతసేపు అంతా సవ్యంగా ఉంటుంది. అది మన వైపు తిరగగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. మొదటి ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క వాలుతోందో ఆ వైపుకే స్టిక్ జరిపితే విమానం సర్దుకుంటుంది. ఈ అలవాటు కంప్యూటర్‌లో ఆర్‌సీ సిమ్యులేటర్ మీద రావాలి, గాలిలో కాదు. మొదటి విమానానికి రెక్క ఒంటి పైన ఉండాలి, రెండు కొసలూ కొద్దిగా పైకి లేచి ఉండాలి. అప్పుడు స్టిక్ వదిలేసినా అది చాలావరకు తనంతట తాను నిలదొక్కుకుంటుంది.

షీటు కొనే ముందు సిమ్యులేటర్ మీద చేయి తిప్పండి. కట్టేటప్పుడు ప్రతి భాగాన్నీ తూకం వేయండి. మొదటిసారి ఎగరేసేటప్పుడు అనుభవమున్న వ్యక్తిని పక్కన ఉంచుకుని, గాలి లేని ఉదయాన, జనం, రోడ్లు, కరెంటు తీగలు లేని మైదానానికి వెళ్లండి. సన్‌ప్యాక్ షీటు చేతికి చవగ్గా వస్తుంది, దెబ్బలకూ ఓరుస్తుంది. తూకంలో, బ్యాలన్స్‌లో జరిగిన తప్పును మాత్రం అది సరిదిద్దదు.