సొంత విమానానికి లైసెన్సు ఒక్కటే చాలదు

అమెరికాలో ఇంటి గ్యారేజీలో విమానం తయారు చేసుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. సగానికి పైగా పని సరదా కొద్దీ, నేర్చుకోవడానికి చేసిందేనని రుజువు చేసి, తనిఖీలో నెగ్గితే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దానికి ‘ఎక్స్‌పెరిమెంటల్’ తరగతిలో అనుమతి ఇస్తుంది. నడపడానికి మాత్రం లైసెన్సు ఉండాల్సిందే. ప్రైవేట్ పైలట్ కావాలంటే 17 ఏళ్లు నిండాలి, కనీసం 40 గంటలు ఎగరాలి, రాతపరీక్షా ఫ్లయింగ్ పరీక్షా పాసవ్వాలి. స్పోర్ట్ పైలట్‌కైతే కనీసం 20 గంటలు. ఈ గంటలు ఎక్కువగా ఫ్లయింగ్ స్కూలు వారి ఫ్యాక్టరీ విమానంలోనే గడిచిపోతాయి. అంటే విమానం నడపగలడని లైసెన్సు చెబుతుందే తప్ప, తాను కట్టుకున్న ఈ విమానాన్ని నడపగలడని చెప్పదు. ఆ తేడాను తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

అక్కడి ప్రమాదాలను విచారించే ఎన్‌టీఎస్‌బీ 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, చిన్న విమానాల్లో ఇలా సొంతంగా కట్టినవి దాదాపు 10 శాతమే. 2011లో జరిగిన ప్రాణాంతక ప్రమాదాల్లో మాత్రం వాటి వాటా 21 శాతం. ఇంజిన్ మొరాయించడం, అదుపు తప్పడం ప్రధాన కారణాలు. కొత్త విమానం తొలిసారి ఎగిరినప్పుడూ, పాతదాన్ని కొన్నవారు తొలిసారి నడిపినప్పుడూ ముప్పు ఎక్కువని తేలింది. గాయకుడు జాన్ డెన్వర్ 1997లో మరణించింది వేరొకరు కట్టిన లాంగ్-ఈజీ విమానంలోనే. ఆయనకు 2,700 గంటల అనుభవం ఉంది. కానీ కట్టినాయన ఇంధన ట్యాంకు మార్చే పిడిని పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. దాన్ని అందుకోవడానికి ఒళ్లు తిప్పినప్పుడు కాలు విమానాన్ని పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను నొక్కేసి ఉంటుందని విచారణ తేల్చింది. ఆ విమానంలో ఆయన పొందిన శిక్షణ చాలలేదని కూడా చెప్పింది.

ప్రతి రివెట్టూ స్వయంగా బిగించినవాడికి కొత్తగా నేర్పేదేముందని అడగవచ్చు. యంత్రం గురించి అతనికి తెలిసినంత మరొకరికి తెలియదు, నిజమే. అయితే ఇంజిన్ ఆగిన క్షణంలో ముక్కు కిందికి వంచాల్సిన చెయ్యికి ఆ తెలివి అలవాటుగా మారి ఉండాలి. పైగా కట్టే పనిలో ఏళ్లు గడిచి, ఫ్లయింగ్ అభ్యాసమే తప్పిపోతుంది. కొత్త విమానం ఎగిరే మొదటి 25 లేదా 40 గంటల పరీక్షా దశలో ప్రయాణికులను ఎక్కించుకోకూడదన్నది నిబంధన. అయినా ఆ దశలో అర్హుడైన రెండో పైలట్‌ను పక్కన కూర్చోబెట్టుకునే వీలును 2014లో ఎఫ్‌ఏఏ కల్పించింది.

నిబంధనలు పెంచితే ఈ అభిరుచే చచ్చిపోతుందన్న భయంలోనూ న్యాయముంది. కానీ ఇక్కడ కావలసింది కొత్త చట్టం కాదు. అదే మోడల్ విమానం ఉన్న ఇన్‌స్ట్రక్టర్లు రుసుము తీసుకుని నేర్పడానికి ఎఫ్‌ఏఏ ఇప్పటికే వీలు కల్పిస్తోంది. ఇంజిన్‌కూ రేడియోలకూ వేలకు వేల డాలర్లు పోసేవారు, మొదటిసారి ఎగరడానికి ముందే ఈ శిక్షణకు కొన్ని గంటలు, కొంత డబ్బు కేటాయించుకోవాలి. విమానం ఖర్చులో అదీ ఒక భాగమే.