సిగ్నలు స్తంభం ఎక్కడ నాటవలె?

కంప్యూటరు తెరమీద రైళ్ళు నడిపే ఆటలు వచ్చి చాలాకాలమైనది. మైక్రోసాఫ్టు వారి ట్రెయిన్ సిమ్యులేటరు 2001లో వచ్చినది. దానికి వారసురాలి వంటిది ఓపెన్ రెయిల్స్. ట్రెయిన్జ్ అనేది మరొకటి. వీటిలో రైలును నడపటమే కాదు, రైలుదారిని కూడా ఎవరికి వారు కట్టుకోవచ్చు. పట్టాలు పరచి, స్టేషనులు నిలిపి, సిగ్నళ్ళు నాటుకోవచ్చు. వచ్చిన చిక్కంతా ఈ చివరి పనిలోనే.

ఒక విద్యార్థి తన ఊరి స్టేషను పెద్దపల్లిని తెరమీద కట్టాడనుకుందాం. పట్టాలు సరిగానే ఉన్నవి. పేరు బోర్డు కూడా అచ్చం అసలుదానివలెనే ఉన్నది. సిగ్నలు స్తంభాలను మాత్రం, వీధిలో దీపస్తంభాలు నాటినట్లు, కంటికి ఇంపుగా ప్లాటుఫారం చివర నాటాడు. తరువాత రెండు బండ్లను వదిలాడు. ముందు వచ్చిన బొగ్గు గూడ్సు లూప్ లైనులోకి మళ్ళి, ఎర్రదీపం దగ్గర బుద్ధిగా ఆగింది. వెనుక వచ్చిన ఎక్స్‌ప్రెసు మెయిన్ లైనుమీద దానిని దాటి సాగిపోవలె. కాని అది స్టేషను బయటనే నిలిచిపోయింది. ఎంతసేపు చూచినా సిగ్నలు పడలేదు. ఆటలో ఏదో లోపమున్నదని ఆ విద్యార్థి అనుకుంటాడు. లోపం ఆటలో లేదు.

గూడ్సు పొడవు లెక్క కట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. బొగ్గు మోసే బాక్స్-ఎన్ వాగను ఒక్కొక్కటి సుమారు 10.7 మీటర్లు. అటువంటివి 58 కలిస్తే 620 మీటర్లు దాటుతుంది. ఇంజను, గార్డుపెట్టె కలుపుకుంటే 650 పైచిలుకు. లూప్ లైనులోకి వచ్చే కొసనుంచి ప్లాటుఫారం చివరి సిగ్నలుకు 500 మీటర్లే ఉంటే, బండి తోక 150 మీటర్ల మేర ఇంకా పాయింట్లమీద, మెయిన్ లైనుమీద ఉండిపోతుంది. ఏనుగు పోయి తోక చిక్కినట్లన్నమాట. ఎక్స్‌ప్రెసుకు దారి ఇవ్వకపోవటమే ఆట చేసిన సరియైన పని.

రెండు దారులు కలిసే ప్రతిచోట, పక్కదారిన పోయే బండి తగలకుండా నిలువగల చివరి హద్దు ఒకటి ఉంటుంది. దానిని ఫౌలింగ్ మార్కు అంటారు. స్టేషను నుంచి బండిని పంపే స్టార్టరు సిగ్నలును, ముందుకొసన ఉన్న ఫౌలింగ్ మార్కుకు కాస్త ఇవతల నాటుతారు. అక్కడినుంచి వెనుకకొసన ఉన్న ఫౌలింగ్ మార్కు వరకు ఉన్న చోటే బండి నిలిచే చోటు. భారతీయ రైల్వేలలో ఈ చోటు 686 మీటర్లుండటం చాలాకాలంగా పరిపాటి. పైన చెప్పిన గూడ్సు అందులో సరిగ్గా ఇముడుతుంది. స్టార్టరును కొలిచేది ప్లాటుఫారం చివరనుంచి కాదు, ఫౌలింగ్ మార్కునుంచి.

ఈ దారిలో బరువుబండ్ల లెక్క వట్టి ఊహ కాదు. కాజీపేట–బల్హార్షా లైను 1929లో పూర్తయి, ఢిల్లీని మద్రాసుతో నేరుగా కలిపింది. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలోని పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు కాగజ్‌నగరు ఈ దారిమీదనే ఉన్నవి. సింగరేణి బొగ్గూ, దూరప్రయాణపు ఎక్స్‌ప్రెసులూ ఒకే పట్టాలమీద నడవవలె. నిండుగా ఎత్తిన బాక్స్-ఎన్ వాగను బరువు 81 టన్నులకు పైన. 58 వాగన్లు కలిసి సుమారు 4,700 టన్నులు.

ఇంత బరువు ఎంత దూరంలో ఆగుతుంది? ఉక్కుచక్రం ఉక్కుపట్టామీద పట్టు తక్కువగా దొర్లుతుంది. రైలు తేలికగా సాగేదీ అందుకే, తొందరగా ఆగనిదీ అందుకే. వేగవర్గాన్ని, వేగం తగ్గే రేటుకు రెట్టింపుతో భాగిస్తే ఆగే దూరం వస్తుందని పాఠశాలలో నేర్చినదే. గంటకు 75 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 20.8 మీటర్లు. గూడ్సు వేగం ప్రతి సెకనుకు 0.25 మీటరు చొప్పున తగ్గుతుందనుకుంటే, అది ఆగటానికి దాదాపు 870 మీటర్లు కావలె. దారి 200కు 1 చొప్పున పల్లమైతే, భూమ్యాకర్షణ ఆ 0.25లో సుమారు 0.05 హరిస్తుంది. అప్పుడు కావలసిన దూరం 1,080 మీటర్లు. కంటికి ఆనని పల్లమే రెండువందల మీటర్లు మింగుతున్నది! ఆటలలో దారి కట్టేవారు ఎక్కువగా మరచేది దీనినే.

స్టేషను వెలుపల బండిని ఆపే మొదటి సిగ్నలు హోము. డ్రైవరు దానిని చూచిన తరువాత బ్రేకు వేస్తే చాలదని పై లెక్క చెపుతున్నది. ముందే హెచ్చరించటానికి డిస్టెంటు సిగ్నలు ఉన్నది. అది హోముకు కనీసం ఒక కిలోమీటరు వెనుక ఉండవలె. ఒక పసుపుదీపం కనిపిస్తే, తరువాతి సిగ్నలు దగ్గర ఆగటానికి సిద్ధపడవలె. రెండు పసుపుదీపాలు కనిపిస్తే, దానిని తగ్గిన వేగంతో దాటవలసి రావచ్చు.

ఈ దారిలో 2022లో గరిష్ఠవేగం గంటకు 130 కిలోమీటర్లకు పెరిగింది; అంటే సెకనుకు 36.1 మీటర్లు. ఎక్స్‌ప్రెసు వేగం సెకనుకు 0.6 మీటరు చొప్పున తగ్గుతుందనుకున్నా, ఆగటానికి దాదాపు 1,090 మీటర్లు పడుతుంది. డ్రైవరు చూచి బ్రేకు పట్టేలోగా అయిదు సెకన్లు గడిస్తే మరొక 180 మీటర్లు. ఒక కిలోమీటరు చాలదు. అందుచేతనే వేగపు దారులలో రెండు డిస్టెంటులు ఉంటవి: ఒకటి హోముకు రెండు కిలోమీటర్ల వెనుక, రెండవది ఒక కిలోమీటరు వెనుక. రెండవదానిని ఇన్నరు డిస్టెంటు అంటారు. ఎక్స్‌ప్రెసు వేగాన్ని పెంచి, డిస్టెంటును పాతచోటనే ఉంచిన ఆటలో బండి ఎర్రదీపాన్ని దాటిపోతే, ఆ తప్పు డ్రైవరుది కాదు.

జంటదారి సంగతి ఇంతవరకు. ఒంటిదారి కథ వేరు. పెద్దపల్లి నుంచి సుల్తానాబాదు, కరీంనగరు, జగిత్యాల ప్రాంతం, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాదు చేరే లైను 2017లో పూర్తయినది. ఇది 177 కిలోమీటర్ల ఒంటిదారి. ఎదురెదురు బండ్లు స్టేషనులలోనే తప్పుకోవలె. రెండు స్టేషనుల నడుమ ఒక సిగ్నలు ఎక్కువ నాటితే రెండు బండ్లు నడపవచ్చు గదా అని ఆటగానికి తోస్తుంది. ఒకే దిక్కున పోయే బండ్లకు ఆ ఊహ పనికివస్తుంది. ఒంటిదారిలో రెండువైపులకు అట్లా నాటితే, సుల్తానాబాదు నుంచి ఒకటి, కరీంనగరు నుంచి ఒకటి బయలుదేరి, నట్టనడుమ ముక్కుకు ముక్కు ఆనించుకొని నిలుస్తవి. ముందుకు పోలేవు, వెనుకకు రాలేవు. నిజమైన దారిమీద దీనికి తాళం ఉన్నది. బండిని సెక్షనులోకి పంపే కట్టకడపటి సిగ్నలు, అవతలి స్టేషను ‘లైన్ క్లియరు’ ఇస్తేనే పడుతుంది. ఒకవైపుకు ఇచ్చిన తరువాత రెండవవైపుకు ఇవ్వటం సాధ్యం కాదు. ఆటలో కూడా స్టేషను నుంచి స్టేషను వరకు ఒకే ఖండంగా ఉంచితే ఈ చిక్కు రాదు.

ఒంటిదారి ప్రయాణికులు విసుక్కునే సంగతి మరొకటున్నది. ఎదుటిబండి ఇంకా స్టేషను చేరనే లేదు, మన లైను ఖాళీగానే ఉన్నది, అయినా బండిని హోము దగ్గరనే నిలిపివేస్తారెందుకు? డ్రైవరు కాస్త పొరబడి స్టార్టరును దాటినా ప్రమాదం జరుగకూడదని, రంగుదీపాల సిగ్నళ్ళున్నచోట స్టార్టరుకు ముందు మరొక 120 మీటర్లు ఖాళీగా ఉండవలెనని నియమం. దీనిని ఓవర్‌లాప్ అంటారు. ఎదుటిబండి లోపలికి వచ్చే పాయింట్లు తరచుగా ఆ 120 మీటర్లలోనే పడుతవి. అందుచేత ఒకదాని తరువాత ఒకటిగానే రానిస్తారు. ఇద్దరినీ ఒకేసారి రానివ్వటానికి కొన్నిచోట్ల లూప్ చివర పట్టాలను ఇసుకలో పూడ్చి, ఇసుకదిబ్బ కట్టుతారు. హద్దు మీరిన బండి దానిలో కూరుకుపోయి ఆగుతుంది.

మిగిలినవి చిన్న జాగ్రత్తలు. మన దేశంలో సిగ్నలు సాధారణంగా దారికి ఎడమవైపున ఉంటుంది. విదేశపు నమూనాలను తెచ్చి నాటేవారు ఇక్కడ పొరబడుతారు. ఎర్రదీపం దగ్గర ఆగిన బండి పొడుగాటి వంతెనమీద నిలువకూడదు. మంచిర్యాలకు దక్షిణాన గోదావరి వంతెన దగ్గర సిగ్నలు నాటేవారు ముందు ఆ 650 మీటర్ల గూడ్సును మనసులో నిలిపి చూడవలె. విద్యుత్తు లేని తీగభాగానికి కాస్త ఇవతల కూడా బండిని ఆపరాదు. మళ్ళీ కదిలి వేగం పుంజుకోకముందే ఆ భాగం వస్తే, విద్యుత్తు ఇంజను అక్కడనే చతికిలబడుతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో గ్రాఫు కాగితంమీద చేయించవచ్చు. ఒక సెంటీమీటరుకు 100 మీటర్ల చొప్పున ఒక లూప్ స్టేషనును గీయించి, ముందు ఫౌలింగ్ మార్కులు, తరువాత స్టార్టర్లు, ఆపైన హోము, చిట్టచివర డిస్టెంటులు గుర్తు పెట్టించవలె. ఆరున్నర సెంటీమీటర్ల అట్టముక్కను గూడ్సుగా చేసి ప్రతి ఎర్రదీపం దగ్గర నిలిపి, దాని తోక ఎక్కడ పడుతున్నదో చూడమనవలె. తరువాత ఆ కొలతలతోనే తెరమీద స్తంభాలు నాటి, మొదటి ఎక్స్‌ప్రెసును వదలవచ్చు.