నీళ్ల ట్యాంకు లెక్క

కడప జిల్లా వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో 2008వ సంవత్సరమున ట్రిపుల్ ఐటీ వెలసిన సంగతి పంచాయతీ సభ్యులకు సుపరిచితమే. పదవ తరగతి ముగించిన పల్లెబిడ్డలచట ఆరేండ్లు చదువుదురు. ప్రారంభ కాలమున విద్యార్థులకు ల్యాప్‌టాపుల నొసగిరి. భౌతికశాస్త్రము నేర్చుటకు కంప్యూటరెందులకని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు మన ఊరి నీళ్ల ట్యాంకే సమాధానము చెప్పగలదు.

నేలమీది ట్యాంకులో నాలుగు మీటర్ల నీరున్నదనుకొందము. అడుగునగల గొట్టము తెరువగా అరగంటలో నీరొక మీటరు దిగెను. తక్కిన నీరంతయు పోవుటకు మొత్తము ఎంతకాలము పట్టును? రెండు గంటలని వెంటనే తోచును. మేమును మొదట అట్లే తలచితిమి. కాని సరియైన లెక్క సుమారు మూడు గంటల నలువదినాలుగు నిమిషములు! చివరి మీటరొక్కటియే నూటపండ్రెండు నిమిషములు తీసికొనును. ఏలయన, నీటి యెత్తు నాలుగవ వంతునకు తగ్గినచో గొట్టమునుండి వచ్చు వేగము సగమగును. ఈ నియమమును 17వ శతాబ్దమున ఇటలీ దేశస్థుడు టారిచెల్లి తెలిపెను.

దీనికి సూత్రము లేకపోలేదు. కాని దానిని రాబట్టుటకు కావలసిన కలనగణితము చిన్న తరగతులవారికింకను రాదు. వేరొక దారి కలదు. మొదటి నిమిషమున పోవు నీటిని కట్టి, మట్టమును తగ్గించి, తగ్గిన మట్టముతో రెండవ నిమిషమునకు మరల కట్టవలెను. చేతితో నిట్లు రెండువందల పైచిలుకు మారులు కట్టుట విసుగు. యంత్రమునకది రెప్పపాటు పని. 1961లో అమెరికాలో ఫైన్‌మన్ పండితుడు తొలియేటి విద్యార్థులకు గ్రహగతిని ఇట్టి అంకెల పట్టికతోనే చూపెను. అదే దేశమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో 2000లో ఇట్టి లెక్కలను బొమ్మలుగా చూపు వి-పైథాన్ అను సాధనము పుట్టెను. చిత్తూరు జిల్లాలో జన్మించి, ఇడుపులపాయ విశ్వవిద్యాలయమునకు తొలి కులపతియైన రాజ్ రెడ్డిగారు చిరకాలము బోధించినదియు నచ్చటనే.

ఈ పద్ధతిలోని అసలు లాభమిది: ట్యాంకు నేలమీదగాక పండ్రెండు మీటర్ల స్తంభములపై నున్నచో, లెక్కలో ఒక్క పంక్తి మార్చిన చాలును. మొదటి మీటరునకు అప్పుడును అరగంటయే పట్టినదన్నచో, ట్యాంకు రెండు గంటల ఏడు నిమిషములకే ఖాళీయగును. మన తొలి ఊహ ఇచ్చట ఇంచుమించు సరిపోవును! ఎందుకు సరిపోయెనో పిల్లవాడు తానే కనుగొనును.

అయినను యంత్రము చెప్పినదెల్ల నిజమని నమ్మరాదు. గొట్టములోని రాపిడిని, మలుపులను మన మింకను లెక్కింపలేదు. తప్పు నియమమిచ్చినను యంత్రము చక్కని అంకెలనే చూపును. కావున ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గదికి తాళము వేసియుంచక, ఒకనాడు ఉపాధ్యాయునితో పిల్లలను ట్యాంకు వద్దకు రప్పింపుడు. వాటర్‌మన్ గేటు తెరచినప్పటినుండి పావుగంటకొకసారి మట్టమును వారిచే వ్రాయింపుడు. ఆ అంకెలును లెక్కలోని అంకెలును ఎచ్చట వేరగునో, చివరి వీధి కుళాయికి నీరేల అందదో విచారించుట కచ్చటనుండియే మొదలిడవచ్చును.